ఢోకా లేని జట్టు

మిల్‌బర్న్, ఇండియానా
మార్చి 9, సోమవారం

లోవెల్‌కి,

నువ్వూ మీ ఆవిడ ఓపలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మేమూ బాగానే ఉన్నాం. మంచు కరుగుతోంది. మా హార్డ్‌వేర్ కొట్టు పైకప్పు మార్పించావా అని అడిగావు. ఆ రేకులకి ఇంకో పదేళ్ళు ఢోకా లేదు.

క్షేమ సమాచారాలు అయిపోయాయి కాబట్టి అసలు సంగతికి వస్తాను. అక్క మొగుణ్ణి కదా అని మొహమాటపడకుండా నిజం చెప్పు. నిరుడు మీ అక్క బాస్కెట్‌బాల్ బ్రాకెట్ కాగితం నింపింది నువ్వేనా?

ఇంతోటి దానికి ఉత్తరం ఎందుకు, ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోను వంటింటి గోడకి ఉంది. మీ అక్క వంటింట్లో ఉంటుంది.

మార్చి వస్తే మా ఊరు ఏమవుతుందో నీకు తెలియనిది కాదు. అరవై నాలుగు కాలేజీ జట్లు, ఓడినవాడు ఇంటికి, గెలిచినవాడు ముందుకి. ఆదివారం సాయంత్రం టీవీలో జట్ల పేర్లు చదువుతారు. గురువారం మధ్యాహ్నం మొదటి బంతి లేచేలోగా, చివరి ఆటదాకా ఎవరు ఎవరిని ఓడిస్తారో బ్రాకెట్ కాగితం మీద రాసి, కాఫీ హోటల్ నడిపే బెర్నీస్ చేతిలో పెట్టాలి. ఎక్కువ సరిగ్గా చెప్పినవాళ్ళకి ఏడాదిపాటు టీవీ కింద ఎత్తు స్టూలు. కాఫీ మొదట ఆ స్టూలుకే పోస్తారు. బాస్కెట్‌బాల్ గురించి ఆ స్టూలు మీంచి వచ్చిందే వేదం.

ఆ స్టూలు కోసం నేను ఎన్నేళ్ళుగా కాచుకుని కూర్చున్నానో దేవుడికి తెలుసు. ప్రతి ఏడూ నాది రెండో స్థానమే. అలాంటిది నిరుడు మీ అక్క సరదాకి అంటూ మొదటిసారి ఒక కాగితం నింపింది, గెలిచింది. అప్పట్నుంచీ ఆ స్టూలెక్కి కాళ్ళూపుకుంటూ కాఫీ తాగుతోంది. నేను మరుగుదొడ్డి తలుపు పక్క బల్ల దగ్గర. మొన్న బెర్నీస్ కొత్త మనిషెవరికో నన్ను చూపించి, "ఈయన నెల్డా మొగుడు" అంది. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాణ్ణి.

మీ అక్క ఒక్క ఆట పూర్తిగా చూసిన పాపాన పోలేదు. నేను ముందుగదిలో టీవీ చూస్తుంటే ఆమె వంటింట్లో బంగాళాదుంపల చెక్కు తీసుకుంటూ ఉంటుంది. అలాంటి మనిషికి ఎవడో చెప్పి ఉండాలి. ఇరవయ్యేళ్ళు రిఫరీగా విజిల్ ఊదినవాడివి, పైగా తోడబుట్టినవాడివి. ఇంకెవరిని అనుకోమంటావు?

ఈ ఏడు నా లెక్క ఇదీ. అక్కకి చేరవేశావంటే మన మధ్య మాటల్లేవు. బెల్‌నాప్‌కి మొదటి ఆటలో ఢోకా లేదు. కప్పు గ్రేంజర్ స్టేట్‌ది, అందులోనూ ఢోకా లేదు. ఆ సెయింట్ ఆల్డెన్స్ పేరు మాత్రం నా దగ్గర ఎత్తకు. వట్టి మొండి ఘటాలు. వాళ్ళ పొగరు చూస్తే ఒళ్ళు మండుతుంది. నిన్న టీవీలో వాళ్ళ పేరు రాగానే చెప్పు విసిరాను.

అసూయ అనుకునేవు. నాకు అసూయ లేదు, న్యాయం కావాలి.

నీ బావ,
వెర్లిన్


కార్డెల్, కెంటకీ
మార్చి 11, బుధవారం

బావా,

నీ ఉత్తరం వచ్చేసరికి ఒక గిరాకీకి సగం గడ్డం గీసి ఉన్నాను. సబ్బు నురగతో ఆయన్ని అలాగే కూర్చోబెట్టి చదివాను. ఆయన కూడా నీదే తప్పన్నాడు.

నేను నింపలేదు. మా షాపులో ఉన్న అన్ని కత్తెరల మీదా ఒట్టు. అక్క నాకు ఫోను చేసింది క్రిస్మస్‌కి. అప్పుడైనా ఓపల్‌తో కేకు గురించి మాట్లాడి, నాతో "బాగున్నావుట్రా" అని పెట్టేసింది. నది దాటి రావడానికి గంటన్నర పట్టదు కదా, ఒక్కసారి వచ్చిందా? నా బ్రాకెట్ ఎలా ఉందని అడిగిందా?

నువ్వు నన్ను అనుమానించావని కాదు నా బాధ. మా అక్క ఎవరినో అడిగి ఉంటే నన్ను కదా అడగాలి. ఆ సంగతి తలుచుకుంటే పొద్దుట్నుంచి నాకు టిఫిను సయించలేదు.

మీ ఊళ్ళో నాకంటే ఆట తెలిసినవాడు ఎవడున్నాడు చెప్పు. క్లిఫర్డ్ రీస్ ఒక్కడే. మీ హైస్కూలు జట్టుకి అన్నేళ్ళు కోచ్‌గా చేశాడు. భార్య పోయాక ఒంటరిగా ఉన్నాడటగా, పాపం. నీకు తెలుసో లేదో, అక్క హైస్కూల్లో ఉండగా వాడు నిచ్చెన అడిగి పట్టుకెళ్ళడానికని మా ఇంటికి తెగ వచ్చేవాడు. మా నాన్న నవ్వుకునేవాడు. సర్లే, పాత సంగతి.

ఆ పైకప్పు సంగతి మాత్రం కాస్త చూసుకో.

నీ బావమరిది,
లోవెల్


మిల్‌బర్న్
మార్చి 14, శనివారం

లోవెల్‌కి,

బెల్‌నాప్ ఓడిపోయింది. ఎవరూ పేరు వినని కాలేజీ చేతిలో, అదీ పదకొండు పాయింట్ల తేడాతో. బెర్నీస్ గోడ మీద కాగితాలన్నీ అంటించి ఉంటాయి కదా, వెళ్ళి చూశాను. ఆ పేరు వినని కాలేజీని రాసింది ఊరు మొత్తంలో మీ అక్క ఒక్కతే. నేను వెళ్ళేసరికి స్టూలు మీద కూర్చుని చక్కగా ఆపిల్ పై ముక్క తింటోంది. "పాపం వెర్లిన్" అంది. జాలి ఎవడిక్కావాలి?

ఇప్పుడు నీ నిచ్చెన సంగతికి వద్దాం. పాత సంగతి అన్నావు. ముప్ఫయ్యేళ్ళు కాపురం చేసి ఆ పాత సంగతి నేను ఉత్తరంలో చదవాలా? తెగ వచ్చేవాడంటే ఎంత తెగ? మీ అక్క ఎదురెళ్ళి ఇచ్చేదా, మీ నాన్న ఇచ్చేవాడా? దానికీ దీనికీ ఏమిటి సంబంధం అంటావేమో, విను.

ఈ బుధవారం, అంటే కాగితాలు ఇవ్వాల్సిన రోజుకి ముందు సాయంత్రం, మీ అక్క పెర్సిమన్ పండ్ల పుడ్డింగ్ చేసింది. నాకు గరిటెడు పెట్టి, మిగతాదంతా గిన్నెతో సహా తువ్వాలు కప్పి బయలుదేరింది. "ఎక్కడికి" అన్నాను. "రీస్ గారింటికి" అంది, పక్కింటికి ఉప్పుకి వెళ్తున్నంత తేలిగ్గా. తిరిగి వచ్చాక కూనిరాగం తీసింది. ఆ తర్వాతే కాగితం ముందేసుకుని కూర్చుంది. నేను కళ్ళారా చూశాను.

ఇప్పుడు చెప్పు, ఎవడో చెబుతున్నాడని నేనన్నది తప్పా?

రేపు కోర్విన్ ఆట ఉంది. వాళ్ళకి ఢోకా లేదు. అక్కడ మీ అక్క, ఆ నిచ్చెన పెద్దమనిషి ఇద్దరూ దొరికిపోతారు.

వెర్లిన్

తా.క. పైకప్పు కారుతోంది. మేకుల డబ్బాల మీద బకెట్టు పెట్టాను.


కార్డెల్
మార్చి 17, మంగళవారం

బావా,

కోర్విన్ ఓడిన సంగతి రేడియోలో విన్నాను. నేనేం అనను.

నిచ్చెన గురించి నేను నవ్వులాటకి రాశాను. దాన్ని పట్టుకుని నువ్వింత దూరం ఎక్కుతావనుకోలేదు. మా ఇంటికి ఒకటే అంతస్తు, వాళ్ళ ఇంటికీ ఒకటే అంతస్తు. అన్నిసార్లు వాడు ఎక్కడికి ఎక్కేవాడో మాకూ తెలియదు. ఇదీ నవ్వులాటకే రాస్తున్నాను, గుర్తుంచుకో.

అయితే ఒకటి. ఆ పెర్సిమన్ పుడ్డింగ్ మా అమ్మ చేసేది. అమ్మ పోయాక ఆ రుచి అక్క చేతికి ఒక్కదానికే వచ్చింది. నాకు ఎన్నిసార్లు పంపిందో వేళ్ళు మడవాల్సిన పని లేదు. పరాయివాడికి గిన్నెడు, తమ్ముడికి బాగున్నావుట్రా. ఓపల్‌తో అంటే, "మీ బావ కుళ్ళు నీకూ అంటుకుంది" అంది. అంటుకుంటే అంటుకుంది.

నా మాట విను. ఈ తలనొప్పంతా ఎందుకు? ఒక్కసారి నోరు తెరిచి అడిగెయ్. ఒక్క ప్రశ్నతో పోయేదానికి ఇన్ని తపాలా బిళ్ళలు దండగ.

లోవెల్


మిల్‌బర్న్
మార్చి 21, శనివారం సాయంత్రం

లోవెల్,

అడగమన్నావు కదా, అడిగాను. నీ సలహా చల్లగుండ.

మీ అక్కని ఎందుకడుగుతాను? అడిగితే చెబుతుందా? వాణ్ణే అడిగాను. పొద్దున్న బెర్నీస్ హోటల్‌కి వచ్చాడు, చేతికర్ర పట్టుకుని. ఊరంతా అక్కడే ఉంది. మీ అక్క స్టూలు మీద ఉంది. నేను మరుగుదొడ్డి పక్క బల్ల దగ్గర్నుంచి లేచి, "క్లిఫర్డ్, మా ఆవిడ కాగితం భలే నింపావయ్యా. పుడ్డింగ్ బాగుందా?" అన్నాను.

వాడు తెల్లమొహం వేశాడు. తర్వాత కర్రతో గోడ చూపించాడు. "నా కాగితం అదిగో, అన్నిటికంటే కింద. గెలిపించే తెలివే ఉంటే ముందు నన్ను గెలిపించుకోనా?" అన్నాడు. అందరూ నవ్వారు.

బెర్నీస్ కాఫీ కెటిల్ కింద పెట్టి అందుకుంది. "ఆయనకి తుంటి ఆపరేషన్ అయ్యి నెలయింది వెర్లిన్. చర్చి ఆడవాళ్ళం వంతులేసుకుని తిండి పట్టుకెళ్తున్నాం. బుధవారం నెల్డాది. పాస్టరు గారు వంతులు చదివినప్పుడు నువ్వు ముందువరసలో కునుకు తీస్తున్నావు. నీకూ వంతేశాం, నెలాఖరున ఆయన కిటికీలు తుడవాలి. నిచ్చెన నువ్వే తెచ్చుకోవాలి."

నిచ్చెన అనగానే నేను క్లిఫర్డ్ వైపు చూశాను.

మీ అక్క కప్పు సాసరులో పెట్టింది. స్టూలు దిగింది. తలకి రుమాలు కట్టుకుని నా ముందుకి వచ్చి, "నువ్వు అడగాల్సింది అది కాదు. అడగాల్సింది ఆయన్ని కాదు" అంది. కోపంగా అన్నా బాగుండేది. మెల్లగా అంది. నేను ఇంటికి వచ్చేసరికి చిన్న పెట్టె లేదు, కారు లేదు.

నీ దగ్గరికే వచ్చి ఉంటుంది. ఇంకెక్కడికి పోతుంది? బాగా తిండి పెట్టు. నేను గాభరా పడటం లేదు. రేపు చర్చి విందుకి ఆపిల్ పైలు చేస్తానని మాటిచ్చింది, మాట తప్పే మనిషి కాదు. ఆదివారం చీకటి పడేలోగా వచ్చేస్తుంది, ఢోకా లేదు.

వెర్లిన్


కార్డెల్
మార్చి 24, మంగళవారం

బావా,

అక్క ఇక్కడే ఉంది. ఆ పైలు శనివారం రాత్రి మా ఓవెన్‌లోనే చేసి, ఆదివారం పొద్దున్నే మా పక్కింటాయన ట్రక్కులో మీ చర్చికి పంపేసింది. మాట తప్పలేదు. మనిషి రాలేదు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. దాచుకుని చదువుదామనుకున్నాను కానీ నా చేతిలోంచి లాక్కుంది. నిలబడే చదివింది. చివరికి వచ్చేసరికి, "ఆదివారం చీకటి పడేలోగా వచ్చేస్తుంది, ఢోకా లేదు" అన్న చోట, ఒకటే నవ్వు. కళ్ళంట నీళ్ళొచ్చేలా నవ్వింది. తర్వాత లోపలికి వెళ్ళి, అప్పటిదాకా మూతపెట్టి ఉంచిన పెట్టె తెరిచి, బట్టలు తీసి మా అలమరాలో సర్దుకుంది.

నాకు భయం వేసింది. "ఏమిటక్కా" అన్నాను. వంటింట్లో కూర్చోబెట్టి చెప్పింది. నువ్వు నన్ను తిట్టినా సరే, ఉన్నదున్నట్టు రాస్తాను.

"మీ బావకి ఆట బాగా తెలుసురా. నా కాగితంలో ముప్పాతిక వంతు ఆయన చెప్పినట్టే రాస్తాను. ముందుగదిలో కూర్చుని చలికాలమంతా టీవీతో మాట్లాడుతూనే ఉంటాడు కదా, నేను తలుపు తెరిచి ఉంచుకుంటాను. బంగాళాదుంపల చెక్కు తీయడానికి ఎంతసేపు పడుతుంది? వింటూ కూర్చుంటాను. భయం వేసినప్పుడు 'ఢోకా లేదు' అంటాడు. గొంతు కాస్త పైకి లేస్తుంది. మా పెళ్ళినాడు 'వాన రాదు, ఢోకా లేదు' అన్నాడు. నా మేలిముసుగు బకెట్లో పిండుకున్నాను. నమ్మకం ఉన్నచోట మాత్రం తిడతాడు. పెళ్ళికి ముందు నన్ను తిట్టని తిట్టు లేదు. అందుకే చేసుకున్నాను. కాబట్టి ఢోకా లేదన్న జట్టుని కొట్టేస్తాను, చెప్పు విసిరిన జట్టుని పైకి తీసుకెళ్తాను. అంతే."

నేను నోరు తెరుచుకుని విన్నాను. మరి అంత కోపం ఎందుకని అడిగాను.

"క్లిఫర్డ్ సంగతికి కోపం లేదురా. ఈ వయసులో నా కోసం ఒకడు కుళ్ళుకుంటున్నాడంటే లోపల కాస్త బాగానే అనిపించింది. కానీ గెలిచి ఏడాదయింది. ఎలా గెలిచావే అని నన్ను ఒక్కసారి అడగలేదు. నిన్నడిగాడు. క్లిఫర్డ్‌ని అడిగాడు. ఎవడో మగాడు చెప్పి ఉంటాడనే అనుకున్నాడు తప్ప, నాకూ ఒక బుర్ర ఉందని తోచలేదు. అడిగుంటే ఆ రోజే చెప్పేదాన్ని. చెబుదామని ఏడాదంతా చూశాను."

ఇదీ సంగతి. బ్రాకెట్ నింపుతున్న ఆ పరాయివాడివి నువ్వే బావా. నిజం చెబుతున్నాను, నాకు నీమీద ఒళ్ళంతా మంటగా ఉంది. నన్ను అన్నేళ్ళు అంత శ్రద్ధగా విన్నవాళ్ళు ఎవరున్నారు? నేను నోరు తెరిస్తే ఓపల్ రేడియో పెంచుతుంది. అంత విలువైనది నీ చేతిలో ఉంటే స్టూలు కోసం ఏడ్చావు.

లోవెల్


మిల్‌బర్న్
మార్చి 27, శుక్రవారం

లోవెల్,

నీ ఉత్తరం చదివి మొదట చించేశాను. తర్వాత ముక్కలు బల్ల మీద పేర్చుకుని మళ్ళీ చదివాను.

కోపం రాదా? నేను పులిలా చెబుతున్నాననుకున్న మాటలు, వంటింట్లో నా భయానికి కొలత. బెల్‌నాప్, కోర్విన్, పైకప్పు, పెళ్ళినాటి వాన. ఆ మాట నా నోట్లోంచి వచ్చి నిలబడ్డ సందర్భం ఒక్కటి దొరుకుతుందేమోనని పొద్దుట్నుంచి వెతుక్కుంటున్నాను.

నిన్న రాత్రి ఆట పెట్టుకుని కూర్చున్నాను. గ్రేంజర్ వాళ్ళు కాస్త తడబడ్డారు. అలవాటు చొప్పున ఆ మాట గట్టిగా అనేశాను. అని, వంటింటి తలుపు వైపు చూశాను. తెరిచే ఉంది. లోపల దీపం లేదు. ఇన్నాళ్ళూ నేను టీవీతో మాట్లాడుతున్నానని అనుకున్నాను చూడు. టీవీ కట్టేశాను. ఎవరు గెలిచారో పొద్దున్న బెర్నీస్ చెప్పేదాకా తెలియదు.

ఇప్పుడు నువ్వు నిజం చెప్పాలి. అక్కడ ఆటలు చూస్తోందా? నీ సోఫా మీద కూర్చునా? నువ్వు ఆ రిఫరీ తెలివితేటలన్నీ ఒలకబోస్తుంటే చెవొగ్గి వింటోందా? ముప్ఫయ్యేళ్ళు విన్నది నన్ను. గంటన్నర దూరంలో తమ్ముడు దొరికేసరికి చెవి అటు తిప్పేసుకుంటే ఎలా? నీకు భార్య ఉంది కదా, ఆమెకి చెప్పుకో.

ఫైనల్లో గ్రేంజర్‌కి, ఆ సెయింట్ ఆల్డెన్స్ గాళ్ళకీ పడేలా ఉంది. మీ అక్క గోడ మీద ఏం రాసిందో చూశాను. గ్రేంజర్ గెలుస్తుంది. ఆ తర్వాత ఒక మాట రాసి కొట్టేశాను, కింద మరకలా కనబడుతోందే, అదే.

ఆమెకి ఏం చెబుతావో నీ ఇష్టం. నాకేం తోచడం లేదు.

వెర్లిన్


కార్డెల్
మార్చి 30, సోమవారం

బావా,

నీ కడుపు చల్లబడే మాట ముందు చెబుతాను. అక్క ఆటలు మా ఇంట్లోనే చూస్తోంది. నేను పక్కనే కూర్చుని నాకు తెలిసిందంతా చెప్పాను. శనివారం ఆట సగంలో ఉండగా, "నీ మాటల్లో పట్టుకోడానికి ఏమీ లేదురా, భయం లేదు, కోపం లేదు, వట్టి రూల్సు" అని లేచి వెళ్ళి టీవీ గొంతు తగ్గించేసింది. ఇరవయ్యేళ్ళ అనుభవాన్ని పట్టుకుని వట్టి రూల్సు అంది. నీకు సంతోషమేగా?

ఒకసారి వంటింట్లో ఉండి, ఖాళీగా ఉన్న ముందుగది వైపు తల తిప్పి వింటున్నట్టు కనిపించింది.

నువ్వు అలమరా సంగతి అడగలేదు కాబట్టి చెబుతున్నాను. బట్టలు ఇంకా అందులోనే ఉన్నాయి. ఓపల్ ఇస్త్రీ కూడా చేసి పెట్టింది, నాకు అదేం నచ్చలేదు. మా ఊరి చర్చిలో పాడేవాళ్ళు అక్కని ఈస్టరు దాకా ఉండమంటున్నారు. అక్క కాదనలేదు. చూస్తానంది.

నీకు నేను ఉత్తరాలు మోసే తపాలావాణ్ణి కాను. చెప్పాల్సింది ఆమెకే చెప్పు. నాకే రాస్తానంటే రాయి, చదివి వినిపిస్తాను. కానీ ఏం రాయాలో నేను చెప్పను. ఈ ఏడు అందరికీ చెప్పి చెప్పి అలిసిపోయాను.

ఈ రాత్రి ఫైనల్.

లోవెల్


మిల్‌బర్న్
ఏప్రిల్ 1, బుధవారం

లోవెల్‌కి,

ఇది మీ అక్కకి చదివి వినిపించు. ఒక్క ముక్క మార్చకు. నీ వ్యాఖ్యానాలు అక్కర్లేదు. వీలైతే వంటింటి తలుపు తెరిచి పెట్టి, నువ్వు పక్కగదిలో కూర్చుని చదువు. ఆమెకి అలా వినడం అలవాటు.

నెల్డా, నువ్వే గెలిచావు. సెయింట్ ఆల్డెన్స్ గెలిచారు కాబట్టి ఈ ఏడు కూడా నీదే స్టూలు. నేను రెండోవాణ్ణి, అది మామూలే. బెర్నీస్ అందరి ముందూ, "నెల్డా ఊళ్ళో లేదు కదా, వచ్చేదాకా నువ్వు కూర్చో వెర్లిన్" అంది. నేను ఎన్నేళ్ళు కోరుకున్న స్టూలో నీకు తెలుసు. నా కాలు అటు కదిలింది కూడా. కానీ కూర్చోలేదు. పాలవాడు కూర్చోబోతే, "అక్కడ మనిషి ఉంది" అన్నాను. మరుగుదొడ్డి పక్కకే వెళ్ళాను.

నిన్న క్లిఫర్డ్ కిటికీలు తుడిచాను. నిచ్చెన కొట్లోంచి తీసుకెళ్ళాను. వాడు కింద నిలబడి పట్టుకున్నాడు. అప్పట్లో నిచ్చెన ఎందుకు అడిగేవాడివని అడిగాను. "ఇంకెందుకు" అన్నాడు. నాకు వాణ్ణి చూస్తే కాస్త కుళ్ళుగానే ఉంది. కుళ్ళు లేదని రాస్తే నువ్వు నమ్మవు.

ఇప్పుడు నేను అడగాల్సింది అడుగుతాను. నెల్డా, ఎలా గెలిచావు? మీ తమ్ముడు రాశాడు, జవాబు నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. వాడు చెబితే వినడం వేరు. నువ్వు చెబితే, ఒక్కో జట్టూ వరసగా, నేను ఏ మాట అన్నప్పుడు నువ్వు ఏం రాశావో నాకు వినాలని ఉంది. అన్నేళ్ళు నేను మాట్లాడాను. ఈసారి బంగాళాదుంపలు నేను ఒలుస్తాను.

నువ్వు వస్తావో రావో నాకు తెలియదు. ఏ మాటా చెప్పలేను. ఈస్టరు దాకా ఉంటావేమో, అలమరా అలవాటైపోతుందేమో. నాకు భయంగా ఉంది.

ఇంకొక్కటి. నీలాంటి మొండి ఘటాన్ని నేనెక్కడా చూడలేదు. ఏడాదిపాటు కడుపులో పెట్టుకుని ఒక్క మాట అనకుండా స్టూలెక్కి కాళ్ళూపుతావా? నీ పొగరు చూస్తే ఒళ్ళు మండుతుంది. నువ్వు ఇక్కడుంటే చెప్పు విసిరేవాణ్ణి.

వెర్లిన్


కార్డెల్
ఏప్రిల్ 3, శుక్రవారం

బావా,

నువ్వు చెప్పినట్టే చేశాను. వంటింటి తలుపు తెరిచి, పక్కగదిలో కూర్చుని చదివాను. లోపల్నుంచి కత్తి చప్పుడు వినబడుతోంది, ఏదో తరుగుతోంది. స్టూలు దగ్గర చప్పుడు ఆగింది. క్లిఫర్డ్ దగ్గర చిన్నగా నవ్వినట్టుంది. ప్రశ్న దగ్గర ఏమీ వినబడలేదు. భయంగా ఉందన్న చోట కూడా ఏమీ వినబడలేదు. నేను ఆగాను. "ఉన్నది చదవరా" అంది.

మొండి ఘటం దగ్గరికి వచ్చాను. పొగరు చదివాను. చెప్పు చదివాను.

"మళ్ళీ చదువు" అంది. చదివాను. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. ఓపల్‌ని పిలిచి అలమరా తాళం అడిగింది.

ఈ ఉత్తరం నీకు చేరేసరికి ఆమె చేరి ఉంటుంది. పెర్సిమన్ పుడ్డింగ్ చేసి నాకోసం ఒక గిన్నె పెట్టి వెళ్ళింది, పెద్ద గిన్నే. నీకు ఇందులో వాటా లేదు. కారు దాకా వెళ్ళాను. ఆకాశం నిర్మలంగా ఉంది. "దారిలో వానేమైనా ఉందంటావా" అని అడిగింది.

"ఢోకా లేదక్కా" అన్నాను.

ఒక్క క్షణం నా మొహం చూసి, లోపలికి వెళ్ళి గొడుగు తెచ్చుకుంది.

నీ బావమరిది,
లోవెల్